టీచరమ్మ ఆకాశం మీద గీతలు

కెమెరా రిపేరు బల్ల ముందు ముప్ఫై ఆరేళ్లు కూర్చున్నాను. ఆ కాలంలో నా చేతిలో బాగుపడిన వాటి లెక్క అందరికీ చెప్పుకుంటాను. పాడైన వాటికి మాత్రం ఒక్కోదానికి ఒక్కో సాకు దాచిపెట్టుకున్నాను: వానాకాలపు తేమ, కస్టమరు చెయ్యి జారడం, నాసిరకం స్క్రూలు. సాకు దొరకనిది ఒక్కటే ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పదగ్గదీ అదొక్కటే. మిగతా పని చూసి నేర్చుకోవచ్చు. ఇది చూసి నేర్చుకునేది కాదు, నాలాంటివాడు సిగ్గు విడిచి చెప్తేనే తెలిసేది.

ముందు నా పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నేనెందుకలా ప్రవర్తించానో మీకు అర్థం కాదు. మాది కొత్తపేటలో కిరాణా దుకాణం. మేనమామది స్టీలు సామాన్ల షాపు. పెదనాయన బట్టలు అమ్మేవాడు. మా ఇళ్లల్లో పిల్లలకు అన్నం కంటే ముందు అనుమానం తినిపిస్తారు. దుకాణానికి ఎవరైనా వస్తే మా నాయన వాళ్ల మొహం చూసేవాడు కాదు. "మొహం అందరిదీ మంచిగనే ఉంటది బిడ్డా, చేతుల సంచి ఉన్నదా లేదా చూడు" అనేవాడు. సంచి లేకుండా వచ్చి కందిపప్పు ధర అడిగేవాడు కొనడానికి రాలేదు, ఎదురు దుకాణం వాడు పంపితే వచ్చాడని ఆయన సిద్ధాంతం. పదిసార్లకు ఆరుసార్లు అది నిజమయ్యేది. ఆ ఆరుసార్లే మేం గుర్తుపెట్టుకున్నాం. మిగిలిన నాలుగుసార్లు సంచి మర్చిపోయి వచ్చిన మనుషులు ఏమనుకుని వెళ్లిపోయారో మాకు తెలియదు.

నేను కందిపప్పు వదిలి కెమెరాల్లోకి వచ్చినా బుద్ధి మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది. "కింద పడలేదన్నా, దానంతటదే ఆగిపోయింది" అని ఎవరైనా అంటే చాలు, ముందు నొక్కు ఎక్కడుందో వెతికేవాణ్ణి.

మా షాపు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ దిగి రెండో గల్లీలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఉండేది. ముందు గదిలో సెకండ్ హ్యాండ్ కెమెరాలు, వెనక గదిలో రిపేరు బల్ల. మొత్తం ముగ్గురం. ఒకరు సేటు. పాత సేటుకు కొడుకు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, నన్ను కాకా అని పిలిచేవాడు. రెండోవాణ్ణి నేను. మూడో ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఎనిమిదేళ్లుగా నా పక్కన పనిచేస్తున్న మెకానిక్. ఎడమచేతి వాటం. నన్ను గురువుగారూ అనేవాడు. ఆ మాటలో కూడా ఏమైనా వెటకారం ఉందేమోనని మొదటి ఏడాదంతా చెవి పెట్టి విన్నాను. లేదు. నేను రిటైరయితే బల్ల ఆయనకే అని సేటు మాటిచ్చాడు. అప్పటికి నాకు మిగిలింది రెండు నెలల పని.

మా బల్ల దగ్గర ఒక ఆచారం ఉండేది. జాబ్ కార్డు మీద పని చేసినవాడి పేరే రాస్తాం. కానీ వస్తువు కస్టమరు చేతికి పోయే ముందు పెద్ద మెకానిక్ ఒకసారి తీసి చూస్తాడు, అవసరమైతే ఒక తుడుపు తుడుస్తాడు. దాన్ని "చివరి చెయ్యి" అనేవాళ్లం. చివరి చెయ్యి కార్డు మీద రాయరు. పెద్దవాడి చెయ్యి తప్పు చెయ్యదు కదా, రాయడం దేనికి? నా గురువు అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను.

ఒకరోజు హయత్‌నగర్ నుంచి ఒక డ్రాయింగ్ టీచరమ్మ కెమెరా తెచ్చింది. సెన్సారు మీద దుమ్ము పడింది, శుభ్రం చేయాలంది. సెన్సారంటే తెలుసుగా, పాత రోజుల్లో రీలు ఉండే చోట ఇప్పుడుండే గాజు బిళ్ల. ఎడమచేతి ఆయన తుడిచాడు, కార్డు మీద పేరు రాశాడు, సాయంత్రం ఆమె తీసుకుపోయింది. రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో కెమెరాతో పాటు కొన్ని ఫొటోలు కూడా ఉన్నాయి.

"దుమ్ము పోయింది సార్, కానీ గీతలు వచ్చినయి" అంది.

ఫొటో చూస్తే చెరువు కట్ట, తాటిచెట్లు, పైన ఆకాశం. అంతా నూలుపంచె కప్పినట్టు మెత్తగా ఉంది. ఆకాశంలో మాత్రం మూడు సన్నటి గీతలు, బ్లేడుతో గీసినట్టు.

సేటు ఒక లెన్స్ తగిలించి బయట రోడ్డు మీద నాలుగు ఫొటోలు తీశాడు. గీతలు లేవు.

"ఏవి మేడం?"

"లెన్స్ పెడితే కనవడయి సార్. గిది పెడితేనే కనవడతయి." సంచీలోంచి ఒక నల్ల మూత తీసింది. లెన్స్ లేనప్పుడు కెమెరా నోటికి పెట్టే మామూలు ప్లాస్టిక్ మూత. మధ్యలో బెజ్జం, దాని మీద అంటించిన రేకు ముక్క, రేకులో సూదిమొన అంత రంధ్రం. "ఇది నేనే చేసిన. మా బడి పిల్లలకు చూపిద్దామని."

"లెన్స్ లేకుండ ఫొటో తీసుడేంది మేడం?" సేటు నవ్వాడు. "గట్ల తీస్తే గీతలేంది, దయ్యాలు గూడ కనవడతయి."

"దయ్యాలు లెవ్వు సార్, గీతలే ఉన్నయి" అందామె, నవ్వకుండా.

నేను సేటును పక్కకు పిలిచాను. "సేటు, ఈమెది ఏదో కత ఉన్నది. ఎక్కడనో వేరేకాడ గీకిచ్చుకొని మన మీదికి తెచ్చింది. కెమెరా మూడు రోజులు ఈడ పెట్టుమను. బయటపెడత."

ఆమె మాటల్లో అబద్ధం ఉందనడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే: ఆమె నమ్మకంగా మాట్లాడుతోంది. మా నాయన లెక్కలో అది చాలు.

ఆమెను అబద్ధాలకోరుగా నిరూపించడానికి నాకూ అలాంటి మూత ఒకటి కావలసొచ్చింది. ఆమె మూతతోనే తీయొచ్చు, కానీ ఆ మూతలోనే మాయ ఉందేమోనని నా అనుమానం. సెకండ్ హ్యాండ్ డబ్బాలోంచి పాత మూత ఒకటి తీసి మధ్యలో శనగగింజంత బెజ్జం వేశాను. కూల్‌డ్రింక్ డబ్బా కత్తిరించి రేకు తీశాను. మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి అన్నిటికంటే సన్న సూది తెచ్చాను. మొదటిసారి సూది కసుక్కున దిగింది. ఫొటో తీస్తే శుక్లాలు వచ్చినవాడు చూసిన లోకంలా వచ్చింది. రెండో రేకులో బెజ్జం అంచు పళ్లు పళ్లుగా లేచింది. మూడోసారి సూదిని గుచ్చకుండా ఊరికే ఒత్తాను. వెనక లేచిన బొడిపెను గరుకు కాగితంతో నెమ్మదిగా అరగదీశాను, మళ్లీ ఒత్తి, మళ్లీ అరగదీశాను. గుండ్రంగా, దుమ్ము రేణువు కూడా ఆలోచించి దూరాల్సినంత చిన్న బెజ్జం పడింది. లోపలి వైపు మార్కరుతో నల్లగా పూసి మూతకు అంటించాను.

కెమెరాను షాపు మేడ మీదికి తీసుకుపోయి, పిట్టగోడ మీద పెసరపప్పు సంచి పెట్టి కదలకుండా దాని మీద కూర్చోబెట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఒక సెకను పాటు తెరిచి ఉంచాల్సి వచ్చింది. తెర మీద బొమ్మ పడేసరికి ముప్ఫై ఆరేళ్ల అనుభవం నోరు తెరిచింది. లెన్స్ లేదు, గాజు లేదు, ఫోకసు లేదు. అయినా మెట్రో స్తంభాలున్నాయి, ఎదురు బిల్డింగు మీద ఆరేసిన దుప్పట్లున్నాయి. అదే క్షణంలో పోయిన రైలు ఒక తెల్లటి పొగలా గీసుకుపోయింది. ఎవరూ అమ్మలేని, ఎవరితోనూ బేరమాడక్కర్లేని ఫొటో అది.

ఆకాశంలో మూడు గీతలు.

నా మూత, నా బెజ్జం, నా చెయ్యి. టీచరమ్మ నిజమే చెప్పింది. లెన్స్ పెడితే గీతలు ఎందుకు కనబడవో కాసేపటికి అర్థమైంది. ట్యూబులైటు కింద చెయ్యి పెడితే గోడ మీద నీడ సరిగ్గా పడదు. చిన్న టార్చి ముందు పెడితే గోళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. లెన్సులోంచి వెలుగు వెడల్పుగా వస్తుంది, గీత నీడ అందులో కరిగిపోతుంది. సూదిబెజ్జంలోంచి వచ్చే వెలుగు దేన్నీ దాచదు.

ఇక్కడే ఆగి ఆమెకు క్షమాపణ చెప్పి గాజు మార్పించి ఉంటే కథ అయిపోయేది. కానీ అనుమానం అనేది కిరాయిదారు లాంటిది, ఒక ఇల్లు ఖాళీ చేస్తే ఇంకో ఇల్లు చూసుకుంటుంది. ఆమె కాకపోతే మరి ఎవరు? కార్డు మీద ఒకే పేరుంది.

టీచరమ్మ ఫొటోను మళ్లీ చూశాను. గీతలు ఎడమవైపు పైమూల నుంచి కుడివైపు కిందికి జారుతున్నాయి. సెన్సారును కొసన మెత్తటి గుడ్డ ఉన్న తుడుపు పుల్లతో తిన్నగా అడ్డంగా తుడవాలని పుస్తకాల్లో ఉంటుంది. మణికట్టు పుస్తకాలు చదవదు. కుడిచేతివాడు తుడిస్తే పుల్ల కొంచెం కింది నుంచి కుడివైపు పైకి లేస్తుంది. ఎడమచేతివాడు తుడిస్తే ఎడమ పై నుంచి కుడి కిందికి జారుతుంది. గోడకు సున్నం వేసేవాళ్లను చూసినా తెలుస్తుంది. ఫొటోలో గీతలు అచ్చంగా ఎడమచేతివి.

అంత గొప్పగా దొంగను పట్టిన ఆనందం నాకు జీవితంలో మళ్లీ కలగలేదు.

ఫొటో పెద్దగా ప్రింటు వేయించి బల్ల మీద పెట్టాను. సేటు, నేను, ఎడమచేతి ఆయన. నేనే లేచి నిలబడి, పుల్ల చేతిలో పట్టుకుని, ఏ చెయ్యి ఎటు జారుతుందో చూపించాను. వకీలు కూడా అంత వివరంగా చూపించడు.

ఆయన ప్రింటును దగ్గరికి జరుపుకున్నాడు. "నేను జాగ్రత్తగానే చేశానండి" అన్నాడు.

"జాగ్రత్తగ చేస్తే గీతలెట్ల పడ్డయి?" అన్నాడు సేటు. "ఆమె ఊర్ల నలుగురికి చెప్తే మన దుకాణం ఏం గావాలె?"

"గురువుగారూ, మీరైనా చెప్పండి. ఎనిమిదేళ్లలో ఎప్పుడన్నా..."

"ఎనిమిదేండ్లు మంచిగ చేసినవ్ తమ్మీ, నేను కాదంటలేను" అన్నాను. "కానీ చెయ్యి చెప్తున్నది గద."

బల్ల ఆయనకిస్తానన్న మాట సేటు ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాడు. ఆయన తన స్క్రూడ్రైవర్లను గుడ్డలో చుట్టుకుని మర్నాటి నుంచి రాలేదు.

మా పనిలో మనిషికి పొలం ఉండదు, పెట్టుబడి ఉండదు. చెయ్యి మంచిదన్న పేరొక్కటే ఉంటుంది. సెన్సారు గీసేవాడన్న మాట పడితే ఏ షాపువాడూ కెమెరా ముట్టనివ్వడు. మూడు రోజులకు గల్లీ చివరి షాపాయన ఫోన్ చేశాడు.

"కాకా, మీ ఎడమచేతాయన నా తాన పని అడుగుతున్నడు. చెయ్యి ఎట్లుంటది?"

"మంచిదే."

"మంచిదే అంటే?"

"మంచిదే అన్న గద. జర చూసుకో."

బేరాల్లో పెరిగినవాడికి తెలుస్తుంది. "జర చూసుకో" అన్నాక ఇంకేం చెప్పక్కర్లేదు. ఆయనకు పని దొరకలేదు. ఇంకా రెండు షాపుల వాళ్లు అడిగారు, లేదా అడక్కపోయినా నేనే చెప్పాను. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఊరికే నిట్టూర్చాను.

ఇదంతా జరుగుతుంటే నాకు ఇంకో పిచ్చి పట్టుకుంది. మూత తీసి పక్కన పడేయలేకపోయాను. ఎల్.బి. నగర్‌లో మా ఇంటి మేడ మీదికి నా పాత కెమెరా పట్టుకుని పొద్దున్నే ఎక్కేవాణ్ణి. ఫ్లైఓవర్లు, నీళ్ల ట్యాంకులు, కేబుల్ తీగల మీద పావురాలు. పావురాలు కదిలితే ఫొటోలోంచి మాయమైపోయేవి. కదలని పావురం ఎప్పుడన్నా ఒకటి దొరికితే మా ఆవిడను పిలిచి చూపించేవాణ్ణి.

"ఇరవై వేల రూపాయల లెన్సులు బాగుచేసినోడివి, డబ్బా రేకుతోని ఫొటోలు తీస్తున్నవా?" అనేది.

నా కెమెరాలోనూ ఒక మచ్చ కనబడింది. ఆకాశంలో, కుడి పైమూలన, ఆవగింజంత. ఆదివారం పొద్దున మెట్ల మీద కూర్చుని గాలి పంపుతో సెన్సారు కుడి పైమూల ఊదాను. ఫొటో తీశాను. మచ్చ ఉంది. తుడిచాను. ఉంది. మళ్లీ తుడిచాను. అక్కడే కూర్చుని నన్ను చూస్తోంది. ఇది దుమ్ము కాదు, సెన్సారే పోయిందేమో, పోయినవారం మా బావమరిది కెమెరా అడిగి తీసుకుపోయాడు, వాడేమైనా చేశాడేమో అని అనుమానం అప్పుడే చెప్పులేసుకుని బయలుదేరింది. విసుగొచ్చి గాజు అంతా పైనుంచి కిందిదాకా ఒక్క తుడుపు తుడిచేశాను. మచ్చ పోయింది.

పుల్ల చూస్తే చివర దుమ్ము నలుసు. అది కింది అంచున అంటుకుంది.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. లెన్సు లోంచైనా బెజ్జం లోంచైనా లోపల బొమ్మ తలకిందులుగానే పడుతుంది. పై ఆకాశం కింద పడుతుంది. కెమెరా దాన్ని నిలబెట్టి మనకు చూపిస్తుంది. ఇది నాకు పనిలో చేరిన మొదటి వారం నా గురువు చెప్పాడు. నేను పదిమందికి చెప్పాను. ఫొటోలో పైనున్న మచ్చను సెన్సారు మీద కింద వెతకాలి. ముప్ఫై ఆరేళ్లు దుమ్ము విషయంలో ఇది తెలిసే చేశాను, అలవాటుగా. ఆ రోజు విసుగులో మర్చిపోయాను. ఆ ప్రింటు ముందు కూడా మర్చిపోయాను. అక్కడ విసుగు లేదు, ఆనందం ఉంది. తేడా అంతే.

లోపలికి వెళ్లి, షాపు నుంచి తెచ్చుకున్న టీచరమ్మ ఫొటో ప్రింటు తీశాను. పై అంచు కిందికి వచ్చేలా బోర్లించి, కాగితం వెనక నుంచి కిటికీ వెలుతురులో చూశాను. సెన్సారు ముందు కూర్చున్న మెకానిక్‌కు గీతలు అలా కనబడతాయి. అవి ఎడమవైపు కింది నుంచి కుడివైపు పైకి లేస్తున్నాయి.

కుడిచెయ్యి. ఆ షాపులో ఉన్నది ఒకే కుడిచేతి మెకానిక్.

అప్పుడు గుర్తొచ్చింది, దాచిన చోటు తెలిసిన వస్తువు దొరికినట్టు. ఆ రోజు ఆయన భోజనానికి వెళ్లాడు. నేను కెమెరా తీసి చూశాను, మూలన ఒక నలుసు కనబడింది. తుడుపు పుల్ల ఒక్కసారే వాడి పారేయాలి. రెండు వైపులున్న పుల్లను ఒకవైపే వాడి పారేయడం నాలాంటివాడికి ప్రాణం మీదికొస్తుంది. వాడిన పుల్లల్ని చొక్కా జేబులో పెట్టుకునే అలవాటుండేది. అదే జేబులో బస్సు టికెట్లు, అదే జేబులో వక్కపొడి. పుల్ల తీశాను, మూడు తుడుపులు తుడిచాను. చివరి చెయ్యి. వక్క పలుకో, రోడ్డు దుమ్ములోని ఇసుకో, ఏదో ఒకటి ఆ పుల్లకు అంటుకుని ఉండాలి. మూడు తుడుపులు, మూడు గీతలు.

సోమవారం షాపులో ఇంకా మా దగ్గరే ఉన్న టీచరమ్మ కెమెరా తెరిచి, టార్చి పక్కనుంచి కొట్టి, భూతద్దంలో చూశాను: మూడు గీతలూ కుడివైపు పైకే లేస్తున్నాయి. ఈ పని మొదటిరోజే చేయాల్సింది. దొంగ దొరికాక ఇల్లు ఎవరు వెతుకుతారు?

నిజం చెప్తున్నాను, ఆ రోజంతా నాతో నేను బేరమాడాను. రెండు నెలల్లో పోయేవాణ్ణి, ఇప్పుడెందుకు? ఆయనకు వేరే ఊళ్లో పని దొరకదా? గల్లీ చివరి షాపాయనకు ఫోన్ చేసి "అప్పుడేదో అన్నగని, మనిషి మంచోడే" అంటే చాలదా? సగానికి దిగాను, పావుకి దిగాను. అవతల బేరమాడేవాడు లేడు గనక ఏ ధరకూ ఒప్పందం కుదరలేదు. సాయంత్రం ప్రింటు సంచీలో పెట్టుకుని సాగర్ రోడ్డు బస్సెక్కాను.

ఆయన తుర్కయంజాల్‌లో ఒక చిన్న పోర్షన్‌లో కిరాయికి ఉండేవాడు. ఆయన భార్య తలుపు తీసి "రండి" అంది. కూర్చోమనలేదు. ఆయన కిటికీ పక్కన ఒక చెడిపోయిన కెమెరా ముందేసుకుని కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు కుడిచేతిలో ఉంది. స్క్రూ తలలు గీసుకుపోయి ఉన్నాయి. రెండు కింద పడ్డాయి.

"కుడిచేతితోటి ఏంది తమ్మీ?"

"అలవాటు చేసుకుంటున్నానండి. ఎడమచెయ్యి మీద నమ్మకం పోయింది గదా."

"ఎవరికి?"

"నాకేనండి." తల ఎత్తలేదు. "ఆ రోజు ఎలా తుడిచానో వందసార్లు గుర్తుచేసుకున్నాను. తప్పెక్కడ జరిగిందో దొరకలేదు. దొరకనంత మాత్రాన లేదని కాదు గదండి. మీరు ఫొటోలో చూపించారు గదా."

నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. మచ్చ, పుల్ల, జేబు. ఆయన ప్రింటు తీసుకుని, బోర్లించి, కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. గీత వెంట వేలు కింది నుంచి పైకి జరిపాడు.

"మీరు పుల్లలు జేబులో వేసుకోవడం చాలాసార్లు చూశానండి" అన్నాడు. "పెద్దవారు గదా అని అడగలేదు."

"ఇప్పుడు వచ్చి చెప్పిన గద."

"నాకు చెప్తే ఏం లాభమండి? నేను పని ఇచ్చేవాణ్ణి కాదు గదా, అడిగేవాణ్ణి. ఎక్కడెక్కడ చెప్పారో అక్కడ చెప్పండి. నేనూ వస్తాను."

"నువ్వెందుకు? నేను చెప్త గద."

"మీరు సగం చెప్పి వచ్చేస్తారండి" అన్నాడు. కోపంగా కాదు. బల్ల మీద ఎనిమిదేళ్లు పక్కన కూర్చున్నవాడు చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు మొదట మా షాపు. సేటు వింటూ వింటూ తల పట్టుకున్నాడు. "కాకా, రెండు నెల్లయితే ఇజ్జతుతోని పోతుంటివి. గిప్పుడెందుకు తవ్వుతున్నవ్ గీ ముచ్చట?" తర్వాత ఆయన వైపు తిరిగి, "రేపటి సంది రా" అన్నాడు.

"వస్తానని నేను అనలేదండి" అన్నాడాయన.

టీచరమ్మకు సేటు గాజు మార్పించి ఇచ్చాడు. నేను ఆమె ముందు నిలబడి తప్పు నాదేనన్నాను. "గీతలు ఎవరు గీసిన్రో నేను అడగలే సార్" అంది. "అబద్ధమాడుతున్న అన్నట్టు చూసిన్రు చూడు, గదే బాధనిపిచ్చింది." అప్పటికి కానీ నాకు తెలియలేదు, ఆ రోజు ఆమె నా చూపు పట్టేసిందని.

రెండో షాపు, మూడో షాపు. ఆయన గుమ్మం దగ్గర నిలబడేవాడు, నేను లోపలికి వెళ్లి చెప్పేవాణ్ణి. వాళ్లు విన్నారు, సరే అన్నారు. నాలుగోది గల్లీ చివరి షాపు. ఫోన్ చేసినాయనది. మొత్తం విని, ఆయన నన్ను కౌంటరు చాటుకు పిలిచి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు కాకా. ఆయన నీకేమిచ్చిండు?"

"ఏమిచ్చుడేంది?"

"రిటైరయ్యేటోడివి, నీకు పోయేదేమున్నది? నెత్తినేసుకొమ్మని ఏమన్న ఇచ్చిండా అని."

నేను ప్రమాణం చేశాను. నమ్మలేదు. ఆయన స్థానంలో నేనున్నా నమ్మను. ఎవరైనా ఎదురు డబ్బు అడగకుండా తప్పు తన మీద వేసుకుంటుంటే, మా నాయనైతే ముందు వాడి సంచి చూసేవాడు. నిందకైతే సాక్ష్యం అడగకుండా "జర చూసుకో" అన్న ఒక్క మాట మీద నమ్మినాయన, ఒప్పుకోలుకు సాక్ష్యం అడుగుతున్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గరున్న ఆయన లోపలికి వచ్చాడు. "మీ దగ్గర దుమ్ము పట్టిన కెమెరా ఒకటి ఇవ్వండి" అన్నాడు. కొత్త పుల్ల ప్యాకెట్టు చింపాడు. ఎడమచేత్తో, మా అందరి ముందు, గాజు తుడిచాడు. చెయ్యి మొదట్లో ఒక క్షణం తటపటాయించింది. నేను చూశాను, ఆ తటపటాయింపు నేనిచ్చిందే. తర్వాత సాఫీగా సాగింది. నేను నా మూత తగిలించి బయట ఎండలో ఎదురుగా ఉన్న తెల్లగోడను ఫొటో తీశాను. షాపాయన తెరను కంటికి ఆనించుకుని చూశాడు, పెద్దది చేసి మూలమూలా చూశాడు, కెమెరాను తలకిందులు చేసి కూడా చూశాడు. గోడ ఖాళీగా ఉంది.

"ఒకటో తారీకు సంది రా" అన్నాడు. నా వైపు చూసి, "కాకా, నువ్వు మాత్రం రాకు" అన్నాడు.

బయటికి వచ్చాం. అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాను. థాంక్స్ చెప్తాడేమోనని ఎదురుచూడలేదంటే అబద్ధం అవుతుంది.

"ఇంకోటి మిగిలిందండి" అన్నాడు ఆయన.

"ఏది? నాలుగు షాపులైనయి గద."

ఆయన గల్లీ మూలకు చూశాడు. అక్కడ చాయ్ బండి. పదకొండు గంటలకు గల్లీలోని మెకానిక్‌లంతా చేరే చోటు. మీకూ నాలుగు షాపులనే చెప్పాను, ఇక్కడిదాకా రాసి కూడా. బేరమాడే బుద్ధి, చివరి ఒక్కటి తగ్గించుకుందామనుకుంది. షాపుల్లో నిట్టూర్చాను. బండి దగ్గర మాత్రం నిట్టూర్చలేదు. అక్కడ ఆయన చెయ్యి ఎలా జారుతుందో పుల్ల పట్టుకుని ఆడి చూపించాను. అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను.

బండి దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూసి ఒకడు, "రా కాకా, గా ఎడమచేతి ముచ్చట ఇంకోసారి చెప్పు" అన్నాడు. తర్వాత నా వెనకున్న ఆయనను చూసి చాయ్ గ్లాసులోకి తల దించాడు. చాయ్ ఆయన అలవాటు ప్రకారం గ్లాసు అందించాడు. అది తీసుకుని, తాగకుండా బండి మీద పెట్టి, "చెప్త, ఇటు వినుండ్రి" అని మొదలుపెట్టాను.